మా చెల్లెలు మోసుకెళ్ళిన రజాయి

నేను చదివింది మా పల్లెబడిలో అయిదో తరగతి వరకే. ఒకే గది, ఒకే పంతులు, అయిదు తరగతులు. అయినా నోటిలెక్కలో నన్ను మించినవాడు ఆ బడిలో లేడని పంతులుగారే అన్నారు. తరువాత పట్నం వచ్చి దూది ఏకడం, రజాయి కుట్టడం నేర్చుకుని నలభై ఆరేళ్ళు ఆ పనే చేశాను. పెద్దాసుపత్రికి ఒక్క వానాకాలంలో నాలుగు వందల రజాయిలు కుట్టి ఇచ్చాను. దూది చేతిలోకి తీసుకుని ఎంత బరువో చెప్పేవాణ్ణి; కాటా వేస్తే పది గ్రాముల తేడా వచ్చేది కాదు. పందొమ్మిది మందికి పని నేర్పాను. వాళ్ళలో ఏడుగురు సొంత దుకాణాలు పెట్టుకున్నారు. ఉండకట్టిందనో, నడుమ ఖాళీ పడిందనో నా చేతి రజాయి ఒక్కటి కూడా వెనక్కి తిరిగి రాలేదు. ఈ మాటలు గొప్పకు చెబుతున్నవే. కాకపోతే ఇవి చెప్పకుండా మా చెల్లెలి సంగతి చెప్పడం కుదరదు.

చెల్లెలు నాకంటే పదకొండేళ్ళు చిన్నది. అమ్మ పోయేనాటికి ఆమెకు ఆరేళ్ళు. నేనే జడ వేశాను, బడికి పంపాను, పన్నెండో తరగతి దాకా చదివించాను. మా ఇంట్లో అంత చదివింది ఆమె ఒక్కతే. నీటి సరఫరా ఆఫీసులో మీటరు రీడరు ఉద్యోగం వచ్చింది. ముప్ఫై రెండేళ్ళు చేసింది. పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా “నడిచి నడిచి కాళ్ళు నొప్పులు అన్నయ్యా, రేపు మాట్లాడుకుందాం” అనేది. ఆ రేపు రాలేదు. మా ఇంట్లోనే మేడమీది గదిలో ఉండేది.

పొద్దున ఏడున్నరకు బయలుదేరి రోజుకు పదకొండు కిలోమీటర్లు తిరిగేది. భుజాన సంచి, చేతిలో పొడుగాటి రీడింగు పుస్తకం, చిన్న టార్చి. మీటర్లు ఎక్కడెక్కడో ఉంటాయి: మెట్ల కింద, పూలకుండీల వెనక, కుక్క గొలుసు పక్కన. నాలుగుసార్లు కుక్కలు కరిచాయి. తలుపుకు తాళం ఉంటే మళ్ళీ వెళ్ళేది, మూడోసారి కూడా వెళ్ళేది. తోటివాళ్ళు కిందటి నెల అంకె చూసి ఈ నెలది అల్లేస్తుంటే, కళ్ళతో చూడకుండా అంకె వేసిన రోజు ఆమెకు లేదు. వీధుల్లో అందరూ మీటరమ్మ అనేవారు.

ఒకనాడు ఒంటరిగా ఉండే ఒక ముసలాయన ఇంటి మీటరులో ఎర్ర చక్రం గిరగిరా తిరుగుతోంది. తలుపు తట్టింది, పలకలేదు. స్నానం చేస్తున్నాడేమో అనుకుని ముందుకు వెళ్ళింది. వీధి చివరిదాకా వెళ్ళాక ఆమెకు మనసు ఒప్పలేదు. వెనక్కి వస్తే చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. పక్కింటివాళ్ళను పిలిచి తలుపు పగలగొట్టించింది. ఆయన కొళాయి కింద పడి ఉన్నాడు, ఊపిరి ఉంది. ఆ తరువాత ఆరేళ్ళు బతికాడు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. నేనే అందరికీ చెప్పాను.

మా పట్నానికి నీళ్ళు కొండల్లోని ఒక చెరువు నుంచి వస్తాయి. మంచు కరిగి నిండే చెరువు. బస్సు ఆగిపోయే ఊరి నుంచి కాలిబాటన మూడు రాత్రులు మజిలీ చేస్తూ నాలుగో రోజు చేరాలి. “ఎన్ని లక్షల లీటర్లు రాశానో అన్నయ్యా. ఆ నీళ్ళు బయలుదేరే చోటు మాత్రం చూడలేదు” అనేది. ఉద్యోగంలో ఉండగా సెలవు కుదరలేదు. రిటైరైన మూడో నెలలో దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయని తేలింది.

డాక్టరు దగ్గరకు నేనూ వెళ్ళాను. ఆమె మందుల సంగతి అడగలేదు. “కొండ ఎక్కవచ్చా?” అని అడిగింది.

“ఈ వేసవికి ఎక్కండి. వచ్చే వేసవికి నన్ను అడగొద్దు” అన్నాడాయన. “వీపు మీద అయిదు కిలోలు దాటకూడదు. మెల్లగా నడవాలి. చలి తగలనివ్వకండి.”

అంటే ఆమెకు ఉన్నది ఒక్క వేసవి. ఆ చెరువు చూస్తే అప్పుడే చూడాలి.

తోడు వెళ్ళడానికి పానా, ఆయన భార్య సిద్ధమయ్యారు. పానా అంటే ఆమె ఆఫీసులోనే పైపులు బిగించే పనిచేసినవాడు. చొక్కా జేబులో పెన్ను ఉండే చోట చిన్న పానా ఉండేది కనుక ఆ పేరు. చెరువు దగ్గరి తూము బాగుచెయ్యడానికి రెండుసార్లు పైకి వెళ్ళివచ్చాడు. గుడారం, పొయ్యి, తిండి వాళ్ళిద్దరూ మోస్తామన్నారు. ఎవరి పక్కబట్టలు వాళ్ళే మోసుకోవాలి.

ఆమె వంటింటి కాటా మేడమీదికి తీసుకుపోయి ప్రతి వస్తువూ తూచింది, పాత రీడింగు పుస్తకంలో రాసింది. మేజోళ్ళు ఇంత, మందులు ఇంత, నీళ్ళసీసా ఇంత. పళ్ళు తోముకునే బ్రష్షు పిడి సగానికి కోసేసింది.

మా ఆవిడ చూసి, “పళ్ళు కూడా సగం పీకించుకుని వెళ్ళు అమ్మడూ, ఇంకా తేలికవుతావు” అంది.

“అవి ఎలాగూ ఊడిపోతున్నాయి వదినా, వాటిని లెక్కలోకి తీసుకోలేదు.”

అన్నీ పోను రజాయికి మిగిలింది ఆరువందల గ్రాములు. నా రజాయి మూడు కిలోలు. దూది తగ్గించి, గుడ్డ మార్చి, నా ఒడుపంతా పెట్టి ఒకటి కుట్టాను. అదీ ఒక కిలో ఏడువందల యాభై వచ్చింది. తెల్లవారుజామున డాబామీద కప్పుకుని పడుకుని చూసింది. అరగంటకే లేచి కిందికి వచ్చి, “బాగుంది అన్నయ్యా, కానీ మోకాళ్ళు తెలుస్తున్నాయి” అంది. మోకాళ్ళు తెలియడమంటే చలి వేసిందని. ఇక కొండ నడకల సామాను అమ్మే షాపుకు వెళ్ళక తప్పలేదు. నా ఇంట్లోకి ఇంకొకరి చేతి రజాయి రావడం అదే మొదలు.

ఆ షాపమ్మాయికి ముప్ఫై ఏళ్ళు ఉంటాయి. ఎండకు ముక్కు మీద చర్మం లేచిపోయి ఉంది. మూడు రజాయిలు బల్లమీద పరిచింది. మొదటిది నైలాను దూదిది, కిలో పైన. రెండోది ఎనిమిది వందల గ్రాములు. మూడోది అయిదువందల అరవై. దాన్ని నా చేతిలో పెడితే చేతిలో ఏమీ పెట్టనట్టే ఉంది.

“ఇందులో సరుకు నింపడం మరిచిపోయారా? గలీబు అమ్ముతున్నారా?” అన్నాను.

ఆ అమ్మాయి నవ్వింది. “బాతు రొమ్ము మీది నూగు తాతగారూ. ఈక కాదు, ఈకల కింద ఉండే నూగు. బరువుండదు. పొంగి గాలిని పట్టి ఉంచుతుంది. ఆ గాలే వెచ్చదనం.”

“కింద భాగం ఏది? సగమే కుట్టారే.”

“కింద ఉన్నా ఒంటి బరువుకు అణిగిపోతుంది. అణిగితే పనిచెయ్యదు. అందుకే కింద చాప, పైన ఇది. కాళ్ళ దగ్గర మాత్రం సంచిలా మూసి ఉంటుంది.”

మా చెల్లెలు అన్నీ అడిగింది. తడిస్తే ఏమవుతుంది, ఎలా మడవాలి, ఎంత చలికి ఆగుతుంది. మడవకూడదట, కూరాలట. ఇంటికి వచ్చాక సంచిలోంచి తీసి వదులుగా ఉంచాలట. లోపల పై గుడ్డకూ కింది గుడ్డకూ నడుమ సన్నని జాలీ గోడలున్నాయని, నూగు ఆ గదుల్లో పొంగుతుందని కూడా ఆ అమ్మాయి చెప్పింది. నేను అప్పుడు కుట్టు చూస్తున్నాను. బెత్తెడు వెడల్పు గదులు, అడ్డంగా ఒక్క కుట్టు లేదు. ఇంత బద్ధకపు పని నా దగ్గర ఏ నేర్చుకునేవాడు చేసినా సూది లాక్కుని ఇంటికి పంపేవాణ్ణి.

మూడోదే కొన్నాం. ఇంటికి తెచ్చి కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని చూశాను. నేను అనుకున్నదే అయింది. రెండుసార్లు విదిలించేసరికి నూగు గదిలో ఒక కొసకు జారింది. నడుమ వెలుగు కనబడుతోంది. నా పనిలో అంతకు మించిన తప్పు లేదు. దూది జారకుండా పై నుంచి కిందికి సూది దింపి, మళ్ళీ పైకి తీసి, బిగించి కుట్టాలి. అదే రజాయి పని అంటే.

“ఇది ఇలా ఇవ్వను. కుట్టి ఇస్తాను” అన్నాను.

చెల్లెలు జారిన నూగును చేత్తో తట్టబోయి ఆగింది. తరువాత, “షాపమ్మాయి సూది పెట్టొద్దన్నట్టు గుర్తు అన్నయ్యా” అంది.

“ఆ పిల్ల వయసెంత, నా సూది వయసెంత?”

“అదీ నిజమేలే.”

“నువ్వు కొండమీద వణుకుతుంటే ఆ పిల్ల వస్తుందా కప్పడానికి?”

“సరే కుట్టు. దారం బరువు మాత్రం నాకు చెప్పు, పుస్తకంలో రాసుకోవాలి” అని నవ్వింది.

మూడు రోజులు కుట్టాను. అప్పటికి నాకు కళ్ళు సరిగా కనబడవు, వేళ్ళు వణుకుతాయి. అయినా అంగుళానికి తొమ్మిది కుట్లు, నాలుగేసి వేళ్ళకు ఒక వరస, గీత గీసినట్టు. నా జన్మలో అంత మంచి కుట్టు వెయ్యలేదు. దారం బరువు పద్నాలుగు గ్రాములు. చెల్లెలు రజాయిని ఒళ్ళో పరుచుకుని వరసల మీద వేలు నడిపింది. “ఎంత బాగుంది అన్నయ్యా” అంది. నేను నమ్మాను. ఆమె అబద్ధం చెప్పలేదు కూడా. కుట్టు బాగానే ఉంది.

వాళ్ళు బయలుదేరారు. ఎనిమిదో రోజున రావాలి, ఎనిమిదో రోజునే వచ్చారు. మనిషి పీక్కుపోయి ఉంది. పెదవులు పగిలాయి. రాగానే పెరటి గోడకు ఆనుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను.

“చూశావా?”

“చూశాను అన్నయ్యా.”

“నీళ్ళు నీలంగా ఉంటాయంటారు.”

“ఏ రంగూ లేదు. అడుగున రాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు.”

“లెక్కపెట్టావా మరి?”

“ముప్ఫై రెండేళ్ళు లెక్కలు రాశాను, అక్కడ కూడానా? ఊరికే కూర్చున్నా.”

“రజాయి?”

“వెచ్చగా ఉంది” అంది. పైకి వెళ్ళి పడుకుంటానని లేచింది.

ఆ మాటలు నేను పట్నమంతా చెప్పాను. మంగలి దుకాణంలో చెప్పాను, నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళకు చెప్పాను. ఊపిరితిత్తుల జబ్బుతో అయిదు కిలోలు మోసి మంచు చెరువు చూసివచ్చిందని, నా చేతి కుట్టు ఆమెను కాపాడిందని. ఆమె ఉన్నప్పుడు కూడా ఆమె ఎదుటే చెప్పాను. తల వంచుకుని వినేది. తనను పొగిడితే ఆమెకు సిగ్గని అనుకున్నాను.

చలికాలంలో పోయింది. కొండకు వెళ్ళినా వెళ్ళకపోయినా ఆ జబ్బు అంతేనని, ఆ ప్రయాణం వల్ల ముందుకు రాలేదని డాక్టరు చెప్పాడు. ఆ మాట నాకు అప్పుడు అక్కర్లేదు. తరువాత అక్కరకు వచ్చింది.

ఆఫీసు రిటైరైనవాళ్ళ సంఘం ఒక చిన్న పుస్తకం వేసింది. పోయినవాళ్ళ గురించి తలా ఒక పేజీ. మా చెల్లెలి పేజీకి సంగతులు నేనే చెప్పాను. ముసలాయన మీటరు, నాలుగు కుక్కకాట్లు, చివరకు మంచు చెరువు. అచ్చు అయ్యాక ఆ పుస్తకం, రజాయి పట్టుకుని షాపుకు వెళ్ళాను. కుట్టు వెయ్యని రజాయిలు అమ్మవద్దని, ఇలా కుట్టించి అమ్మితే పదికాలాలు ఉంటాయని ఆ అమ్మాయికి చెబుదామని.

ఆమె రజాయి బల్లమీద పరిచింది. వరసల మీద వేలు నడిపింది, అచ్చం మా చెల్లెలిలాగే. “ఎవరు కుట్టారు?”

“నేనే.”

“చాలా బాగా కుట్టారు తాతగారూ” అంది. కాసేపటికి, “ఆవిడ దీన్నే కప్పుకున్నారా పైన?” అని అడిగింది.

“దీన్నే.”

ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి అలాంటిదే కొత్తది తెచ్చి దాని పక్కన పరిచి, రెంటినీ కాస్త విదిలించి వదిలింది. కొత్తది మెల్లగా పొంగి బెత్తెడు దళసరి అయింది. నాది అలాగే ఉంది. నా చెయ్యి పట్టుకుని ఒక కుట్టు వరస మీద పెట్టించింది. వేలికి పై గుడ్డ, దాని కింద కింది గుడ్డ, దాని కింద బల్ల తగిలాయి. మధ్యలో ఏమీ లేదు. అలాంటి వరసలు నేను ముప్ఫై ఎనిమిది వేశాను.

“దూది అయితే మీరు చేసిందే సరైనది” అందా అమ్మాయి. “దూదికి కుట్టు కావాలి. దీనికి కుట్టు వేస్తే ప్రతి వరసలోంచీ చలి దిగుతుంది. జారినదాన్ని చేత్తో తట్టి సర్దుకుంటే చాలు. ఆవిడకు చెప్పాను కదా, కాగితం కూడా ఇచ్చాను.”

కాగితం ఇచ్చిందట. మా చెల్లెలు కాగితం చదవకుండా పక్కన పెట్టే మనిషి కాదు.

షాపు నుంచి ఇంటికి రాలేదు. నేరుగా పానా ఇంటికి వెళ్ళాను. ఆయన వాకిట్లో సైకిలు తిరగేసి చెయిను సర్దుతున్నాడు. నా చంకలో రజాయి చూసి లేచి నిలబడ్డాడు.

“పైన ఏం జరిగింది?” అన్నాను.

“ఏం జరగడమేమిటి అన్నగారూ, చెప్పింది కదా అక్క.”

“అది చెప్పింది నాకు తెలుసు. నువ్వు చెప్పు.”

చేతుల నూనె గుడ్డకు తుడుచుకున్నాడు. ఆయన భార్య గుమ్మంలోకి వచ్చి, “చెప్పెయ్యండి. ఇంకా ఎన్నాళ్ళు దాస్తాం?” అంది.

చెప్పాడు. మొదటి రాత్రే వణికిందట. రెండో రాత్రి తన రజాయి ఇస్తానంటే ఒప్పుకోలేదట. తను వేసుకున్న కోటు విప్పి బలవంతంగా కప్పాడట. మూడో మజిలీలో రాళ్ళ మీద మంచు పట్టింది. తెల్లారేసరికి ఆమెకు ఊపిరి అందలేదు, పెదవులు నల్లబడ్డాయి. దించెయ్యక తప్పలేదు.

“ఇంకా ఎంత దూరం ఉంది?”

“నాలుగు గంటలు” అన్నాడు. “అక్క నడకకు అయిదు.”

“ఎనిమిదో రోజున వచ్చారే.”

“ఆరో రోజుకే దిగిపోయాం. బస్సు ఆగే ఊళ్ళో రెండు రోజులు ఉండిపోదామంది. మీరు నోటిలెక్కలో గట్టివారట, రోజులు తక్కువైతే పట్టేస్తారట.”

నేను అరుగు మీద కూర్చున్నాను. ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది.

“బయలుదేరే ముందే దానికి తెలుసా, కుట్టు వల్ల చలి దిగుతుందని?”

“తెలుసు. బస్సులోనే నాతో అంది. విప్పేద్దాం అక్కా, నా దగ్గర బ్లేడు ఉంది, అన్నాను. చెయ్యి పట్టుకుని ఆపింది.” పానా గొంతు తగ్గించాడు. “మా అన్నయ్య చేతి రజాయి ఒక్కటి కూడా తిరిగి రాలేదు, నా దగ్గర్నుంచి రానివ్వను, అంది.”

ఆ మాట విన్న తరువాత ఇంటికి ఎలా వచ్చానో నాకు గుర్తు లేదు. మా ఆవిడకు చెప్పాను. “చిన్నప్పట్నుంచి నువ్వు కుట్టిన గౌనే వేసుకుంది, మెడ బిగుతైనా వేసుకుంది. నిన్ను కాదనడం దానికి చేతకాదు” అంది. అని అవతలికి వెళ్ళి ఏడ్చింది.

సంఘం కార్యదర్శి దగ్గరకు వెళ్ళి పుస్తకంలో చెరువు చూసిందన్న వాక్యం దిద్దమన్నాను. “పోయినావిడ గురించి మంచిమాటే కదా పెద్దాయనా, ఉండనివ్వండి. ఎవరికి నష్టం?” అన్నాడు. ఆయన దృష్టిలో అది మంచిమాట. ముప్ఫై రెండేళ్ళలో చూడని అంకె ఒక్కటీ వెయ్యని మనిషి చేత, చూడని చెరువు చూశానని చెప్పించినవాణ్ణి నేను. ఆ పుస్తకం మళ్ళీ అచ్చు వెయ్యరట. అందుకని ఇక్కడ నేనే రాస్తున్నాను. మా చెల్లెలు ఆ చెరువు చూడలేదు. మూడో మజిలీ దాకా తన కాళ్ళతో నడిచింది. అక్కడి నుంచి వెనక్కి తిరగడానికి కారణం ఆమె జబ్బు కాదు, నా కుట్టు.

కుట్లు విప్పడం మొదలుపెట్టాను. సూది పడిన ప్రతి చోటా చిల్లు ఉంది. దాంట్లోంచి నూగు బయటికి వస్తోంది. రెండు వరసలు విప్పి ఆపేశాను.

ఈ వేసవిలో పానా మళ్ళీ కొండకు వెళ్ళాడు. తిరిగి వచ్చిన సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. ఎండకు మొహం కమిలిపోయి ఉంది. కాఫీ ఇచ్చాం. “చెరువు ఈసారి నిండుగా ఉంది అన్నగారూ” అని మొదలుపెట్టాడు.

“అది వద్దు. బస్సు దిగిన దగ్గర్నుంచి చెప్పు” అన్నాను.

చెప్పాడు. మొదటి వంతెన, గొర్రెల దొడ్డి, మలుపులు, చెట్లు ఆగిపోయే చోటు. రెండో మజిలీ దగ్గర వాగు దాటేటప్పుడు మా చెల్లెలు బూట్లు విప్పి మెడలో వేసుకుందట, పానా భార్య చూసి నవ్విందట. మూడో మజిలీలో గుడారం వేసిన చోటు బల్లపరుపుగా ఉంటుందట, చుట్టూ బూడిదరంగు రాళ్ళు. ఎదురుగా ఒక గుట్ట. చెరువు ఆ గుట్ట అవతల.

“గుట్ట ఎక్కితే...” అన్నాడు పానా.

“అక్కడ ఆపు” అన్నాను.

ఆపాడు. కాఫీ గ్లాసు కింద పెట్టాడు. తరువాత ఆ బల్లపరుపు చోట ఆమె ఏ వైపు తిరిగి కూర్చుందో అడిగాను. గుట్ట వైపే అన్నాడు.